అద్దాల మధ్య ఆషాఢం

ఆషాఢం వచ్చిందంటే పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతులు ఖాళీ. జ్యేష్ఠంలో రాత్రీ పగలూ తిప్పిన కెమెరాలు, లెన్సులు బ్యాగుల్లో సర్ది, జిప్పులు లాగి, స్టూడియో బీరువా అడుగున పెట్టేస్తారు. ఆల్బమ్‌ల డిజైనింగూ, రావలసిన బాకీల వసూళ్లూ చూసుకునేసరికి నెల గడిచిపోతుంది. బయట వాన పడుతూనే ఉంటుంది. శ్రావణంలో మొదటి ముహూర్తానికి బ్యాగు తీసినప్పుడు కూడా తేడా వెంటనే తెలియదు. మండపం వెనక వరుసగా పెట్టిన లైట్లు ఫ్రేములోకి వచ్చినప్పుడే బయటపడుతుంది. ఫొటోలో నలుపు నలుపుగా రాదు, పెళ్లికూతురు జడ బూడిద రంగులోకి దిగిపోతుంది. లెన్స్ తుడుస్తారు. మళ్లీ తుడుస్తారు. చివరికి ఎవరో ఫోన్ టార్చి వేసి లోపలికి చూస్తే, అద్దం అంచు నుంచి మధ్యకు పాకుతూ సన్నటి తెల్లదారాలు, పాయలు పాయలుగా చీలి కనిపిస్తాయి. ఫంగస్ పట్టింది.

వానలో తడిపినందుకు పట్టిందనుకుంటారు చాలామంది. లెన్సులు బాగుచేసేవాళ్లను అడగండి, దాచిపెట్టినందుకు పట్టిందంటారు. వాళ్ల దగ్గరికి ఫంగస్‌తో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఏ దెబ్బా తగలనివి, గీత కూడా పడనివి, కొత్తలో ఇచ్చిన తోలు కేసులోంచి ఇప్పుడే తీసినట్టుండేవి. రోజూ పెళ్లికో పేరంటానికో వెళ్లొచ్చే లెన్స్ మీద గీతలుంటాయి, రంగు పోయి ఉంటుంది, లోపల ధూళి కూడా ఉండొచ్చు. దారాలు మాత్రం అరుదు.

గాజు మీద ఏం తిని బతుకుతుంది?

నిజానికి అది గాజును తినదు. లెన్స్ బిగించేటప్పుడే లోపల చేరిన కాస్త ధూళి, బట్ట నూగు, ఫోకస్ రింగు సాఫీగా తిరగడానికి వేసిన గ్రీజు నుంచి లేచే పల్చటి ఆవిరి, అద్దాల అంచులకు పూసిన నల్లరంగు, వేలిముద్రలోని జిడ్డు. దానికి ఈ పాటి మేత చాలు. ఇక విత్తనం కోసం వెతుక్కోనక్కర్లేదు. స్కూలు సైన్సు పుస్తకంలో సిద్ధబీజాలని చదువుకున్నవి ఈ క్షణాన మీరు పీలుస్తున్న గాలిలోనూ ఉన్నాయి, మీ లెన్సులోనూ ఉన్నాయి. అవి నిద్రలేవడానికి ముందుగా కావలసింది తేమ.

అలాగని నీటిచుక్కే పడనక్కర్లేదు. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ప్రజాతిలో కొన్ని రకాలు గాలిలో తేమ 65, 70 శాతం ఉంటే చాలు మొలకెత్తుతాయి. జర్మన్ లెన్స్ కంపెనీ జైస్ దీనికో లెక్క చెబుతుంది. తేమ 70 శాతం దాటి మూడు రోజులకు మించి ఉండాలి, ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి, వెలుతురు ఉండకూడదు, గాలి కదలకూడదు, కొంచెం ధూళో జిడ్డో ఉండాలి. జిప్పు వేసి బీరువాలో పెట్టిన కెమెరా బ్యాగులో ఈ అయిదూ ఉన్నాయి. విశాఖ, కాకినాడ, కోనసీమ వైపు తేమ కోసం ప్రత్యేకంగా ఎవరూ శ్రమపడనక్కర్లేదు, సముద్రమే చూసుకుంటుంది. హైదరాబాద్‌కు వేసవిలో ఊరట గానీ జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడా భరోసా లేదు.

దారాలు కనిపించడం ఒక్కటే అయితే ఇంత గొడవ లేదు. ఫంగస్ పెరుగుతూ ఆమ్లాలను వదులుతుంది. అవి మొదట అద్దం మీది కోటింగును, ఆ తర్వాత గాజునూ కొరుకుతాయి. కొత్తగా పట్టిన ఫంగస్‌ను తుడిస్తే పోతుంది. ఏళ్ల తరబడి పాతుకున్నదాన్ని తుడిస్తే ఫంగస్ పోతుంది గానీ దాని ఆకారం అద్దం మీద అచ్చుపడి మిగులుతుంది. దాన్ని ఏ మందూ చెరపలేదు.

కోటింగు పోతే నష్టమేమిటో చిన్న లెక్క వేసి చూడొచ్చు. పూత లేని గాజు తలం తన మీద పడిన వెలుతురులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. సాధారణ 50 ఎంఎం తరగతి పాత లెన్సులో గాలికి తగిలే తలాలు ఎనిమిది ఉన్నాయనుకుంటే, అన్నీ దాటేసరికి వందలో 72 వంతుల వెలుతురే మిగులుతుంది. పోయిన 28 వంతులు బయటికి పోయినా బాగుండేది. అందులో కొంత అద్దాల మధ్యే తిరిగి తిరిగి వచ్చి ఫొటో మీద పడుతుంది. 1935లో జైస్‌లోనే పనిచేసిన అలెగ్జాండర్ స్మాకులా ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే పూతను కనిపెట్టాకే లెన్సులో ఇన్నేసి అద్దాలు పేర్చగలిగారు. జడ బూడిద రంగులోకి దిగడానికి కారణం ఇలా అద్దాల మధ్య తిరిగే వెలుతురే. దారం ఆకారం ఫొటోలో మామూలుగా కనబడదు, కాంట్రాస్టు చచ్చిపోతుంది. ఎండ వెనకనుంచి ఉన్నప్పుడు, మండపం లైట్లు ఎదురుగా ఉన్నప్పుడు మరీను. అంచున చిన్న మచ్చ ఒకటుంటే మామూలు వెలుతురులో ఎవరూ పోల్చుకోలేరు. అందుకే చాలామంది దాన్ని పట్టించుకోకుండా ముదరనిస్తారు.

న్యూగినియా అడవుల్లో

ఈ సమస్యను మొదట తీవ్రంగా తీసుకున్నది ఫొటోగ్రాఫర్లు కాదు, సైన్యాలు. రెండో ప్రపంచయుద్ధంలో న్యూగినియా అడవుల్లో జపాన్‌తో పోరాడుతున్న ఆస్ట్రేలియా సైనికులకు బైనాక్యులర్లు, రేంజ్‌ఫైండర్లు, తుపాకుల మీది దూరదర్శినులు వారాల్లోనే మసకబారిపోయాయి. ఉక్కపోత, ఎడతెగని వాన, తోలు పెట్టెలు. శత్రువు కనబడకపోతే ఆయుధం ఉండీ లాభం లేదు గనక ప్రభుత్వం భౌతికశాస్త్రజ్ఞులతో పాటు వృక్షశాస్త్రజ్ఞులనూ పిలిపించింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో జె.ఎస్. టర్నర్, ఎథెల్ మెక్‌లెనన్ లాంటివారు అప్పటిదాకా మొక్కలు, శిలీంధ్రాలు చూసుకునేవాళ్లు. అద్దాల మీది బూజు వాళ్ల బల్ల మీదికి చేరింది. అక్కడ దొరికిన పరిష్కారం మెర్థియోలేట్ అనే మందు. దాన్ని పరికరం లోపలి రంగుపూతలో కలిపితే అద్దాల మీద దారాలు మొలవడం ఆగింది.

మరి ఈ రోజు లెన్సుల్లో అది ఎందుకు వేయరు? మెర్థియోలేట్‌లో ఉన్నది పాదరసం. కంటికి ఆనించుకునే వస్తువులో, పిల్లలు ఆడుకునే ఇంట్లో దాన్ని పెట్టలేరు. బైనాక్యులర్లకు వేరే దారి దొరికింది. లోపల నైట్రజన్ నింపి సీలు వేసేస్తే తేమే చొరబడదు. కెమెరా లెన్సుకు ఆ యోగం లేదు. ఫోకస్ చేసినప్పుడల్లా, జూమ్ చేసినప్పుడల్లా లోపలి అద్దాలు ముందుకూ వెనక్కూ కదులుతాయి. లెన్స్ పొడుగు సాగినప్పుడు బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. రబ్బరు సీళ్లు ఉన్న ఖరీదైన లెన్సులైనా చుక్క నీటిని ఆపుతాయి గానీ గాలిలోని తేమను ఆపలేవు. ఇంకో సంగతి, ఫంగస్ పడితే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు కార్డు మీదే రాసి ఇస్తాయి. అందరూ చదవరు.

హీలియోస్ విప్పితే

విశాఖ డాబాగార్డెన్స్‌లో మేడ మీద చిన్న గది. బోర్డు లేదు, తెలిసినవాళ్లు పంపితే వచ్చేవాళ్లే. అక్కడ లెన్సులు బాగుచేసే అరవై దాటిన మనిషి ఒకప్పుడు స్టూడియోల యాషికా కెమెరాలు బాగుచేసేవారు. ఫిల్ము పోయాక కొన్నాళ్లు పని తగ్గింది. మిర్రర్‌లెస్ కెమెరాలొచ్చాక మళ్లీ పెరిగింది. చిన్న అడాప్టర్ వేస్తే పాత లెన్స్ ఏదైనా కొత్త కెమెరాకు ఎక్కుతుంది కాబట్టి కుర్రాళ్లు అటకలు వెతికి తాతల నాటి లెన్సులు పట్టుకొస్తున్నారు. వాటిలో ఎక్కువగా వచ్చేది సోవియట్ జెనిట్ కెమెరాల వెంట వచ్చిన హీలియోస్ 44-2. వెనక ఉన్న ఆకులూ లైట్లూ సుడి తిరిగినట్టు వస్తాయని దానికిప్పుడు గిరాకీ. 58 ఎంఎం, ఆరు అద్దాలు నాలుగు గుంపులుగా. మధ్యలో ఎనిమిది రేకుల అపర్చర్.

బల్ల మీద ఆకుపచ్చ రబ్బరు షీటు, దాని మీద తెల్లగుడ్డ, ఆ గుడ్డ మీద ఒక హీలియోస్. పక్కన అయిస్‌క్రీం డబ్బా మూతలు వరుసగా. మొదట తీసిన స్క్రూ మొదటి మూతలో, తర్వాతది రెండో మూతలో. లెన్సు ముందువైపు పేరు చెక్కి ఉన్న రింగును రబ్బరు బిరడాతో అదిమి ఎడమకు తిప్పారు. రాలేదు. అంచుకు ఒక బొట్టు స్పిరిట్ వేసి, టీ తాగి వచ్చి మళ్లీ తిప్పితే వదిలింది. లోపల మరో రింగు, దానికి ఎదురెదురుగా రెండు గాడులు. రెండు మొనలున్న లెన్స్ స్పానర్‌ను గాడుల్లో కూర్చోబెట్టేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టారు. అక్కడ మొన జారితే అద్దం మీద జీవితాంతం గీత.

“తిప్పే ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాల బాబూ. ఎన్ని చుట్లు తిరిగి ఊడిందో లెక్క ఉంచుకోవాల. వీడియో చూసి విప్పేవోళ్లు ఆ లెక్కే మర్చిపోతారు.”

ముందు అద్దాలు బయటికొచ్చాయి. ఫంగస్ ఉన్నది బయటి తలం మీద కాదు. అపర్చర్ రేకులకు ఎదురుగా ఉన్న తలం మీద. చాలా పాత లెన్సుల్లో అది అక్కడే మొదలవుతుంది, రేకులకు పట్టిన నూనె ఆవిరి దగ్గరగా ఉన్న అద్దం మీదే పేరుకుంటుంది గనక. మందుల షాపులో గాయాలకు అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా ద్రావణం చిన్న గాజు గిన్నెలో సగం సగం కలిపారు. కిటికీ తెరిచి ఉంది, ఘాటు మామూలుగా లేదు. కలిపినదాన్ని సీసాలో పోసి మూత పెట్టకూడదు, వాయువు చేరి పగులుతుంది. బ్లీచింగ్ ద్రావణం దరిదాపుల్లోకి రాకూడదు. దూదిపుల్లను తడిపి అద్దం మధ్యనుంచి అంచుకు నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ వచ్చారు. దూది మారుస్తూ నాలుగైదుసార్లు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి, లెన్స్ పేపరుతో చివరిసారి. దుమ్ము మిగిలితే బ్లోయరుతోనే కొట్టారు, నోటితో ఊదలేదు. నోటితో ఊదితే పడేది ఉమ్మి, అంటే తర్వాతి ఫంగస్‌కు భోజనం.

టార్చి వెలుగులో అద్దం శుభ్రంగానే ఉంది. కాస్త వంచి చూస్తే రెండు చోట్ల మాత్రం దారాల నీడ కనిపించింది. కోటింగు పోయిన చోటు. ఇక అది అంతే. తిరిగి బిగించాక కిటికీలోంచి దూరాన సెల్‌టవర్ మీదికి ఫోకస్ పెట్టి, రింగు చివరి గుర్తు దగ్గర టవర్ కమ్మీలు స్పష్టంగా వస్తున్నాయో లేదో చూసుకున్నారు. రావడం లేదంటే ఎక్కడో ఒక చుట్టు తేడా పడినట్టే.

ఆయన తిప్పి పంపేసేవి రెండు రకాలు. ఒకటి, అతికించిన జతల మధ్య ఫంగస్ ఉన్నవి. హీలియోస్‌లో అలాంటి జతలు రెండున్నాయి, అద్దాలను అద్దాలకు జిగురుతో అతికించి చేసినవి. ఆ జిగురులోకే ఫంగస్ దిగితే జతను విడదీసి, శుభ్రంచేసి, మళ్లీ సరిగ్గా ఒకే కేంద్రం మీద అతికించాలి. “అది వదిలీయండి. విడదీయడం నాకొచ్చు. అతికించేవోడు ఈ ఊళ్లో లేడు.” రెండోది జూమ్. పెళ్లిళ్లలో అందరి చేతుల్లో కనిపించే 70-200 ఎంఎం ఎఫ్ 2.8 తరగతి లెన్సునే తీసుకోండి. కెనాన్ తెచ్చిన రెండో తరం మోడల్లో 23 అద్దాలు, 19 గుంపులు. అంటే గాలికి తగిలే తలాలు 38. వాటి మధ్య మోటారు, వణుకు తగ్గించే యంత్రాంగం, కాగితంలా పల్చటి కేబుళ్లు. ఒక గుంపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఫొటోలో కుడివైపు పదునుగా, ఎడమవైపు మెత్తగా వస్తుంది. ఫంగస్ కంటే ఆ జబ్బు మొండిది. ఇంట్లో విప్పి నేర్చుకోవాలనుకుంటే అయిదొందలకో వెయ్యికో దొరికే పాత 50 ఎంఎం మీద నేర్చుకోవాలి. బతుకుతెరువు లెన్స్ మీద కాదు.

ఎండ, బియ్యం, నాఫ్తలీన్ ఉండలు

ఎండలో పెడితే ఫంగస్ పోతుందన్న మాట ప్రతి స్టూడియోలోనూ వినిపిస్తుంది. ఎండ తేమను తరుముతుంది, నిజమే. ఉన్న దారాలను తుడిచెయ్యదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చంపుతాయంటారు గానీ సూక్ష్మజీవులను గట్టిగా చంపగల పొట్టి తరంగాలు మామూలు గాజును దాటి లోపలికి వెళ్లవు. యూవీ లైటు డబ్బాలు కొని లెన్సును మూసిపెట్టేవాళ్లకూ ఇదే జవాబు. ముందు తలం మీద పనిచేస్తుందేమో గానీ మూడో అద్దం వెనక దాక్కున్నదాన్ని అది చేరదు. పైగా మూతలు తీసి ఎండలో పెట్టిన లెన్స్ భూతద్దమే. కింద పరిచిన గుడ్డ కాలితే అదృష్టం, కెమెరా షట్టర్ కాలితే దురదృష్టం.

బియ్యం డబ్బాలో పాతిపెడితే తేమ కంటే పిండి ధూళే ఎక్కువ పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు పట్టుచీరల పురుగులకు సరే, వాటి ఆవిరి అద్దం మీద గడ్డకట్టే వీలుంది. కర్పూరం సంగతీ అంతే.

పాత స్టూడియోవాళ్లు చేసే పని ఒకటి మాత్రం శాస్త్రానికి సరిగ్గా నిలుస్తుంది. లెన్సులున్న బీరువాలో జీరో బల్బు ఇరవై నాలుగు గంటలూ వెలిగించి ఉంచేవారు. గాలి వేడెక్కితే అందులోని తేమ శాతం తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 35 డిగ్రీలకు తీసుకెళ్తే అదే గాలిలో తేమ 60 శాతానికి దిగుతుంది. అయిదు డిగ్రీలు చాలు, ఫంగస్ గీత కిందికి వచ్చేస్తాం. ఆ పాత జీరో బల్బు పేరుకే జీరో, పది పదిహేను వాట్లు తాగేది, అందుకే వేడెక్కేది. ఇప్పుడు దాని స్థానంలో ఎల్‌ఈడీ జీరో బల్బు పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్లున్నారు. దానివల్ల బీరువాలో వెలుతురు మాత్రమే ఉంటుంది.

ఇప్పటి పద్ధతి డ్రై క్యాబినెట్. తేమను 40, 50 శాతం మధ్య పెట్టి వదిలేస్తే చాలు. 30 కిందికి దించడం కూడా మంచిది కాదు, గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి. చిన్నది పదివేల రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. అంత పెట్టలేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, తేమ చూపించే చిన్న మీటరు, సిలికా జెల్. ఈ మూడింటిలో అందరూ వదిలేసేది మీటరు. అది లేకపోతే సిలికా జెల్ పనిచేస్తోందో, ఎప్పుడో నిండిపోయి ఊరికే కూర్చుందో తెలియదు. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే కడుపు నిండినట్టు. 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గంటో రెండు గంటలో ఉంచితే మళ్లీ పనికొస్తాయి. వంట పెనం మీద మాత్రం వేయించకండి, ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్‌ది. నారింజ రంగు గుళికలు దొరికితే అవే మేలు. కొత్త బూట్ల పెట్టెలోంచి తీసిన పొట్లాలు అప్పటికే ఊళ్లో తేమంతా పీల్చేసి ఉంటాయి కాబట్టి వాటి మీద ఆశ వద్దు.

తోలు కేసు సంగతి తేల్చి చెప్పాలి. లెన్సుతో పాటు వచ్చిన ఆ అందమైన నల్లకేసు ప్రయాణానికే. అందులో దాచిపెట్టడమంటే తోలును, తేమను, చీకటిని కలిపి లెన్సుకు కప్పడమే.

ఏసీ కళ్యాణమండపాలు వచ్చాక ఇంకో బాధ. 22 డిగ్రీల హాల్లోంచి ఊరేగింపు కోసం బయటికి రాగానే లెన్స్ మీద మంచు పట్టినట్టవుతుంది. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 26 డిగ్రీలకు దిగువన ఉన్న ఏ తలం మీదైనా నీరు చేరుతుంది. ముందు అద్దం తుడుచుకుని ఫొటో తీసేస్తారు, లోపల చేరిన నీటిని ఎవరు తుడుస్తారు? బయటికి వచ్చే ముందు కెమెరాను బ్యాగులో పెట్టి, బయటికొచ్చాక పావుగంటో అరగంటో ఆగితే లెన్స్ నెమ్మదిగా వేడెక్కుతుంది. ఊరేగింపు ఆగదు కాబట్టి రెండో కెమెరాను ముందే బయట ఉంచుకోవడమే పనికొచ్చే ఉపాయం. ఆ రాత్రి ఇంటికొచ్చాక బ్యాగు జిప్పు వేయకూడదు.

ముంపు వేరే కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పటిలాంటి పరిస్థితిలో వరదనీరు తాగిన లెన్సుకు ఫంగస్ నెలలు ఆగదు. బురద లోపలే ఎండిపోకముందే, స్విచ్ వేసి చూడకుండా, బాగుచేసేవాళ్ల బల్ల మీదికి చేర్చాలి.

పక్క లెన్సుకు అంటుకుంటుందా?

ఫంగస్ పట్టిన లెన్సును అంటరానిదిగా చూసేవాళ్లున్నారు. ఒకే డబ్బాలో పెట్టరు, తమ కెమెరాకు తగిలించనివ్వరు. సిద్ధబీజాలు గాలి నిండా ఉన్నప్పుడు ఒక లెన్స్ నుంచి ఇంకోదానికి ప్రత్యేకంగా రానక్కర్లేదు. పొడి డబ్బాలో రెంటినీ పక్కపక్కనే పెట్టినా రెండోది బాగానే ఉంటుంది. తేమ డబ్బాలో రెండోదాన్ని ఒంటరిగా పెట్టినా దానికి పడుతుంది. అయినా శుభ్రం చేయించేదాకా వేరే ఉంచితే పోయేదేమీ లేదు, మనశ్శాంతి.

అసలు జాగ్రత్త కొనేటప్పుడు కావాలి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో బేరమాడినా వినిపించే మాట ఒకటే. “కొంచెం డస్ట్ ఉంది సార్, ఫొటోలో రాదు.” ధూళి అయితే నిజంగానే రాదు. ధూళా, ఫంగసా అన్నది మీరే చూసుకోవాలి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి టార్చి కాస్త వాలుగా వేసి, ముందునుంచి చూడాలి. తిప్పి మళ్లీ చూడాలి. విడివిడి చుక్కలైతే ధూళి. చీలికలు చీలికలుగా పాకిన దారాలైతే ఫంగస్. మొత్తం పొగలా ఉంటే గ్రీజు ఆవిరి, అది తుడిస్తే పోవచ్చు. ఇంద్రధనుస్సు రంగుల్లో అంచునుంచి వ్యాపించిన మచ్చయితే జతల మధ్య జిగురు ఊడుతోంది. టార్చి వేయనివ్వని దుకాణంలో మాట్లాడేదేమీ లేదు, నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఫంగస్ ఉందని ముందే చెప్పి ధర తగ్గించేవాళ్ల దగ్గర కొనడానికి నాకు అభ్యంతరం లేదు. ముందువైపు అంచున చిన్నగా ఉన్న పాత 50 ఎంఎం సగం ధరకొస్తే తీసుకుని శుభ్రం చేయించుకోవచ్చు. జూమ్ అయితే ఆలోచించాలి, బాగుచేయించే ఖర్చు బేరంలో మిగిలిన దాన్ని మింగేస్తుంది. కెమెరాకు దగ్గరగా ఉండే వెనక అద్దం మీద మచ్చ మాత్రం ముందు అద్దం మీది మచ్చ కన్నా చాలా ఎక్కువగా ఫొటోను చెడగొడుతుంది. అక్కడ దారాలు కనిపిస్తే ఏ ధరకూ వద్దు.